ఛాయాచిత్రంలో ఛాయ ఎవరిది?

రెండేళ్ళ క్రితం ఒక రచయిత్రుల సమావేశం ముగిశాక అందరం కలిసి గ్రూపు ఫొటో తీయించుకున్నాం. సాయంత్రానికల్లా అది అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. బావుంది బావుంది అని అందరూ అంటుంటే, ఒక మిత్రురాలు మాత్రం చాలాసేపు చూసి "చీర నాదే, బొట్టు నాదే, ఈ మొహం ఎవరిదక్కా?" అంది. ఆమెది మంచి నలుపు. ఆ నలుపు గురించి, దాని చుట్టూ చిన్నప్పటినుంచీ విన్న మాటల గురించి ఆమె కథలు రాసింది. ఫొటోలో ఆమె గోధుమరంగులోకి మారిపోయి ఉంది. ఫొటో తీసిన అమ్మాయి నొచ్చుకుని, "నేనేం చెయ్యలేదు మేడం, ఫోనే అలా తీస్తుంది" అంది.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. కానీ ఫోను తనంతట తను ఏదీ చెయ్యదు. ఎవరో ఎప్పుడో ఏదో ఒకటి సరైన రంగు అని నిర్ణయిస్తేనే అది ఆ రంగువైపు జరుగుతుంది. ఆ నిర్ణయం ఎక్కడ జరిగింది, ఎవరి కన్ను చూసి, ఎవరి ఒళ్ళు చూసి జరిగింది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. నేను తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. సైన్సు చదివి నలభై ఏళ్ళయింది. అయినా వెతుక్కుంటూ పోతే అదంతా మనం ఎరిగిన చరిత్రలాగే కనిపించింది.

మొదట ఒక సంగతి తెలియాలి. డిజిటల్ ఫొటోలో రంగు ఉండదు, అంకెలు ఉంటాయి. ఫొటోలోని ప్రతి చుక్కకీ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు, ఒక్కొక్కటీ 0 నుంచి 255 దాకా. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు. ఇందులో పసుపుకి చోటు లేదని గమనించండి. గడపకి రాసిన పసుపుని ఫొటో తీసి చూస్తే, తెరమీద వెలిగేవి ఎర్ర చుక్కా ఆకుపచ్చ చుక్కానే. పసుపుని చేసుకునేది మన కన్ను. నిజం పసుపు నుంచి వచ్చే వెలుగూ, తెరమీద నుంచి వచ్చే వెలుగూ పూర్తిగా వేరు. కానీ కంటిలో రంగుని పట్టే శంకుకణాలు మూడే రకాలు. వాటిలో పుట్టే స్పందనలు రెండు చోట్లా సమానమైతే కన్ను రెంటినీ ఒకటే అనుకుంటుంది. టీవీ, కంప్యూటరు, ఫోను, అన్నీ ఈ బలహీనత మీదే బతుకుతున్నాయి. కంటిని ఇలా నమ్మించాలంటే ముందు కంటిని కొలవాలి. ఎవరి కంటిని?

ఇంగ్లండులో 1920ల్లో ఇద్దరు ఆ పని చేశారు. ఇంపీరియల్ కాలేజీలో డేవిడ్ రైట్ 10 మందితో, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో జాన్ గిల్డ్ 7గురితో. మనిషిని చీకట్లో కూర్చోబెట్టి ఒక చిన్న వెలుగు వలయం చూపిస్తారు. చెయ్యి చాచి చూస్తే బొటనవేలి గోరు ఎంత కనిపిస్తుందో అంత. అందులో ఒక సగంలో ఏదో ఒక రంగు వెలుగు. రెండో సగంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల మిశ్రమం. మీటలు తిప్పుతూ తిప్పుతూ, రెండు సగాల మధ్య గీత మాయమయ్యేదాకా సరిచెయ్యాలి. అలా రంగు తర్వాత రంగు. ఈ 17 మంది కళ్ళ సగటుని 1931లో కేంబ్రిడ్జిలో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ కాంతి సంఘం ప్రమాణంగా ఆమోదించింది. 1964లో మరింత పెద్ద వలయంతో, ఇంకా ఎక్కువమందితో తీసిన కొలతలు కూడా ప్రమాణంలోకి వచ్చాయి. వాటిలో కొంత భాగం సోవియట్ శాస్త్రవేత్త స్పెరాన్‌స్కాయా అనే స్త్రీ పని. అయినా 1990ల్లో కంప్యూటర్ తెరలకీ ఇంటర్నెట్‌కీ రంగుల ప్రమాణం రాసుకున్నప్పుడు పునాది వేసింది మళ్ళీ ఆ 1931 పట్టికల మీదే.

ఆ సగటు కంటికి వాళ్ళు ఇంగ్లీషులో పెట్టిన పేరుని తెలుగు చెయ్యబోయి నేను ఆగిపోయాను. ప్రామాణిక పరిశీలకుడు అనాలా, పరిశీలకురాలు అనాలా? ఇంగ్లీషు దాచిపెట్టిన లింగాన్ని తెలుగు దాచనివ్వదు. ఏ పాఠ్యపుస్తకమూ పరిశీలకురాలు అనదని మాత్రం పందెం కాయగలను.

ఆ కొలతలు తప్పని నేననడం లేదు. తర్వాత చేసిన ప్రయోగాలు వాటిని చాలావరకు నిలబెట్టాయి. నా పేచీ వేరు. చూడటం అంటే ఏమిటో చెప్పే గదిలోకి స్త్రీని రానివ్వడానికి ఇదే కాలంలో ఎంత గొడవ జరిగిందో చూస్తే, పరిశీలకుడు అన్న మాట ఊరికే పుంలింగం కాలేదనిపిస్తుంది.

క్రిస్టీన్ లాడ్ ఫ్రాంక్లిన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు. 1847లో అమెరికాలో పుట్టింది. వాసర్ కాలేజీలో డిగ్రీ తీసుకుని, కొన్నేళ్ళు బడిపిల్లలకి పాఠాలు చెప్పి, 1878లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో గణితం చదవడానికి వెళ్ళింది. అది మగవాళ్ళ విశ్వవిద్యాలయం. ఆమె గణితం అంతకుముందే పత్రికల్లో చదివి మెచ్చుకున్న సిల్వెస్టర్ అనే ఆచార్యుడు పట్టుబట్టడం వల్ల లోపలికి రానిచ్చారు. అదీ మొదట్లో ఆయన క్లాసులకు మాత్రమే. ఫెలోషిప్ డబ్బు ఇచ్చారు గానీ, మిగతా ఫెలోల పేర్లతో పాటు ఆమె పేరు అచ్చువేయలేదు. అచ్చువేస్తే రేపు ఇంకొక ఆడపిల్ల వచ్చి అడుగుతుందని భయం. 1882 నాటికి డాక్టరేటుకి కావలసిన పనంతా పూర్తిచేసింది. డిగ్రీ ఇవ్వలేదు. 1926లో ఇచ్చారు. 44 ఏళ్ళు! అప్పటికి ఆమెకి 78 ఏళ్ళు. స్వయంగా వెళ్ళి అందుకుంది.

గణితం నుంచి ఆమె చూపు కంటివైపు మళ్ళింది. 1891లో భర్త సెలవు పెట్టుకుని యూరప్ వెళ్తే ఆమె కూడా వెళ్ళి గొట్టింగెన్‌లో మ్యూలర్ ప్రయోగశాలలో, ఆ తర్వాత బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర పనిచేసింది. ఆడవాళ్ళకి అక్కడ కూడా ప్రవేశం లేదు. మ్యూలర్, హెల్మ్‌హోల్ట్జ్ వ్యక్తిగతంగా అనుమతిస్తేనే చదువుకుంది. ఆ రోజుల్లో రంగుల గురించి జర్మనీలో రెండు వర్గాలు. కంటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడే గ్రాహకాలున్నాయని హెల్మ్‌హోల్ట్జ్ వర్గం. కాదు, ఎరుపుకి ఆకుపచ్చ, పసుపుకి నీలం ఎదురెదురు జంటలుగా పనిచేస్తాయని హెరింగ్ వర్గం. రెండు వర్గాలూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవి కావు. ఈమె రెంటినీ విని, 1892లో లండన్‌లో జరిగిన మనోవిజ్ఞాన మహాసభలో తన సిద్ధాంతం చదివింది.

ఆమె చెప్పింది ఇది. రంగుల చూపు ఒక్కసారిగా పుట్టలేదు, పరిణామంలో దశలు దశలుగా వచ్చింది. మొదట వెలుగు, చీకటి. అంటే నలుపు తెలుపులు. తర్వాత ఆ తెలుపు పసుపుగా, నీలంగా విడిపోయింది. ఆఖరున పసుపు మళ్ళీ చీలి ఎరుపు, ఆకుపచ్చ అయింది. దానికి సాక్ష్యం కూడా కంటిలోనే చూపించింది. చూపు అంచుల్లో మనకి రంగు తెలియదు. కొంచెం లోపలికి వస్తే పసుపు, నీలం తెలుస్తాయి. నడిమధ్యలోనే అన్ని రంగులూ. అంటే ఒక్క కంటిలోనే ఆ పరిణామ దశలన్నీ పొరలుగా మిగిలి ఉన్నాయని ఆమె వాదన. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని మనిషికి ఆ ఆఖరి చీలిక జరగలేదంతే.

ఆమె ఊహించిన రసాయనిక వివరాలు నిలబడలేదు. కానీ చివరి దశ సంగతి చూడండి. 1986లో జెరెమీ నాథన్స్, ఆయన సహచరులు రంగుల చూపుకి సంబంధించిన జన్యువులని వేరుచేసి చూస్తే, ఎరుపు వైపుదీ ఆకుపచ్చ వైపుదీ దాదాపు కవలలు. వాటి ప్రొటీన్లు నూటికి 96 పాళ్ళు ఒకటే. ఒక పాత జన్యువు రెండుగా చీలి ఇవి ఏర్పడ్డాయి. నీలానిది అంతకన్నా ఎంతో పాతది. పసుపు చీలి ఎరుపు, ఆకుపచ్చ అయిందన్న ఆమె మాట 94 ఏళ్ళ తర్వాత వేరే దారిలో వచ్చి తలుపు తట్టింది. ఇది చదువుతుంటే నాకు మన "పచ్చ" గుర్తొచ్చింది. పసుపుపచ్చ, ఆకుపచ్చ అని ముందు విశేషణం తగిలిస్తే తప్ప తెలుగులో ఏ పచ్చో తెలియదు. దీనికీ దానికీ శాస్త్రీయంగా సంబంధం అంటగట్టను గానీ, ఆమెకి తెలుగు తెలిసి ఉంటే ఆ మాటని తప్పకుండా తన పుస్తకంలో వాడుకునేది.

అమెరికాలో ప్రయోగాత్మక మనోవిజ్ఞానం అంతా టిచ్‌నర్ అనే ఆచార్యుడి చుట్టూ తిరిగే కాలం అది. 1904లో ఆయన ఒక సంఘం పెట్టాడు. ఆడవాళ్ళు రాకూడదు. చుట్టలు కాల్చుకుంటూ, మధ్యలో అడ్డుతగులుతూ, మొహమాటం లేకుండా వాదించుకోవాలి కాబట్టి అట. లాడ్ ఫ్రాంక్లిన్ 1912లో తను చదవదలచిన పత్రం గురించి రాసింది, నిరాకరించారు. 1914లో ఆ సమావేశం తను పాఠాలు చెప్పే కొలంబియాలో, అంటే ఆమె గుమ్మంలోనే జరుగుతోంది. మళ్ళీ రాసింది. ఆ ఉత్తరంలో ఆమె ఈ పద్ధతిని అనైతికం అని ఊరుకోలేదు, అంతకన్నా ఘోరంగా అశాస్త్రీయం అంది. పొగ విషయానికొస్తే, తనూ కాలుస్తుంది గనక ఆ బెంగ అక్కర్లేదని చెప్పింది. ఆమె తిట్లతో తనని వేధిస్తోందని టిచ్‌నర్ ఒక స్నేహితుడి దగ్గర వాపోయాడు. ఆయన 1927లో పోయాడు. 1929లో ఆ సంఘం తలుపులు స్త్రీలకి తెరుచుకున్నాయి. అదే ఏడాది ఆమె పుస్తకం "కలర్ అండ్ కలర్ థియరీస్" వచ్చింది. మరుసటి ఏడాది ఆమె చనిపోయింది. కొలంబియాలో 15 ఏళ్ళ పాటు చెప్పిన పాఠాలకి జీతం లేదు.

రైట్, గిల్డ్ ఆ మీటలు తిప్పిస్తున్నది సరిగ్గా ఆ ఏళ్ళలోనే.

ఇంకొక చిత్రం ఉంది. ఆ ఎరుపు, ఆకుపచ్చ జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. మగవాడికి అది ఒకటే. అది పాడైతే ఇంకొకటి ఆదుకోదు. ఉత్తర యూరప్ మూలాలున్న మగవాళ్ళలో వందకి 8 మందికి ఈ రంగుల తేడా సరిగ్గా తెలియదు, ఆడవాళ్ళలో రెండు వందలకి ఒక్కరికి. స్త్రీకి రెండు ఎక్స్‌లు. వాటిలో ప్రతి కణంలోనూ ఏదో ఒకటే పనిచేస్తుందని 1961లో మేరీ లయన్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త, ఎలుకల ఒంటి మీది మచ్చల రంగులు చూసి ప్రతిపాదించింది. అందువల్ల రెండు ఎక్స్‌లలోని జన్యువుల్లో తేడా ఉన్న స్త్రీ కంటిపొర బొంతలాంటిది. కొన్ని ముక్కలు తల్లివైపువి, కొన్ని తండ్రివైపువి. అలాంటి కొందరికి మూడు కాక నాలుగు రకాల శంకుకణాలు ఉండొచ్చని డచ్ శాస్త్రవేత్త డి ఫ్రీస్ 1948లోనే రాశాడు. రాసి వదిలేశాడు. న్యూకాసిల్‌లో గాబ్రియెల్ జోర్డాన్ ఏళ్ళ తరబడి అలాంటి స్త్రీలని పరీక్షించి, 2010లో ఒక్కరిని పట్టుకుంది. మనందరికీ ఒకటిగా కనిపించే రెండు వెలుగుల్ని ఆమె విడదీసి చూడగలదు. ఆడవాళ్ళంతా మగవాళ్ళకన్నా ఎక్కువ రంగులు చూస్తారని దీన్ని పట్టుకుని పండగ చేసుకునే వ్యాసాలు చాలా వచ్చాయి. అంత దూరం వెళ్ళక్కర్లేదు, దొరికింది ఒక్కరే. కానీ ఆ ఒక్కరికి కనిపించే తేడాని ఏ ఫోను తెరా చూపించలేదు, ఎందుకంటే తెర మూడు రంగులతోనే తయారైంది.

కన్ను కథ ఇక్కడికి ఆపి, ఒంటి కథకి వస్తాను. కొలిచే కన్నుగా స్త్రీకి ఇంత కష్టమైన ప్రవేశం, కొలవబడే చర్మంగా మాత్రం చాలా సులువుగా దొరికింది.

అమెరికాలో 1954 దాకా కొడాక్ కలర్ ఫిల్ము కొంటే, దాన్ని కడిగి ప్రింట్లు వేసే ఖర్చు కూడా ధరలోనే కలిపి ఉండేది. అది గుత్తాధిపత్యం అని ప్రభుత్వం కేసు పెట్టాక కంపెనీ ఆ పద్ధతి వదులుకుని, బయటి ల్యాబులకి కూడా తన పరిజ్ఞానం ఇవ్వాల్సి వచ్చింది. ఊరూరా ఉన్న ల్యాబుల్లో రంగులు ఒకేలా రావాలంటే ఒక కొలబద్ద కావాలి. అందుకోసం ఒక నెగెటివు, దాని సరైన ప్రింటు పంపించేవారు. ల్యాబువాళ్ళు ఆ నెగెటివు నుంచి ప్రింటు వేసి, పంపిన దానితో సరిపోయేదాకా యంత్రాన్ని సరిచేసుకోవాలి. ఆ ప్రింటులో ఉన్నది ఒక తెల్లజాతి యువతి. మొదటి అమ్మాయి కొడాక్ ఉద్యోగిని షర్లీ పేజ్. తర్వాత ఎందరు మారినా ఆ కార్డులన్నింటికీ పేరు "షర్లీ"యే. వాటిలో చాలావాటి మీద "నార్మల్" అని అచ్చువేసి ఉండేది. టీవీలో కూడా ఇదే. బీబీసీ 1967లో రంగుల ప్రసారాలకి మొదలుపెట్టిన పరీక్షా చిత్రంలో నల్లబల్ల ముందు, ఒక బొమ్మ పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ళ పాప కారోల్ హెర్సీ, ఆ చిత్రాన్ని రూపొందించిన ఇంజనీరు కూతురు. ఆ పాప మొహం దాదాపు 70 వేల గంటలు తెరమీద ఉందని లెక్క కట్టారు.

చర్మం రంగు సరిగ్గా వస్తే మిగతావన్నీ సర్దుకుంటాయని ఇంజనీర్ల తర్కం. కాదనలేం. ఆకు రంగు కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోం గానీ మనిషి మొహం రంగు మారితే వెంటనే తెలిసిపోతుంది. కానీ ఏ చర్మం? షర్లీ మొహానికి సరిచేసిన యంత్రం నల్లటి మొహాన్ని చూడలేదు. తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి కూర్చున్న స్కూలు ఫొటోల్లో నల్లపిల్లల కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనిపించేవి కావు. తల్లులు ఫిర్యాదు చేశారు. ఈ చరిత్రనంతా తవ్వితీసి 2009లో వ్యాసంగా రాసిన కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ చెప్పిన సంగతి ఇక్కడ ముఖ్యం. కొడాక్ గోధుమరంగు ఛాయలని మెరుగుపరచడానికి పూనుకున్నది ఆ తల్లుల మాట విని కాదు. చాక్లెట్లు అమ్మేవాళ్ళు తమ చాక్లెట్లలో తేడా కనిపించడం లేదనీ, చెక్క సామాను అమ్మేవాళ్ళు తమ కర్రల్లో రకాలు తెలియడం లేదనీ మొత్తుకున్న తర్వాత. 1980ల్లో వచ్చిన కొత్త ఫిల్ము గొప్పదనం గురించి చెప్పడానికి మసక వెలుతురులో నల్లగుర్రం వివరాలు కూడా తియ్యగలదని అన్నారు. గుర్రం! భిన్న జాతుల స్త్రీలతో కూడిన షర్లీ కార్డు రావడానికి 1990లు పట్టింది.

నల్లటి మొహాన్ని స్పష్టంగా చూడాల్సిన అవసరం అంతకుముందు ఒకచోట వచ్చింది, దక్షిణాఫ్రికాలో. నల్లవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా చూపించాల్సిన పాసుపుస్తకాల్లో అంటించే ఫొటోల కోసం వర్ణవివక్ష ప్రభుత్వం పోలరాయిడ్ కెమెరాలు వాడింది. ఆ సంగతి 1970లో ఆ కంపెనీలోనే పనిచేసే కారోలిన్ హంటర్, కెన్ విలియమ్స్ కంటపడింది. హంటర్ నల్లజాతి యువతి, రసాయన శాస్త్రవేత్త. తన ఉద్యోగంలో చేసే రసాయనం ఎవరి మెడకి ఉరి అవుతోందో చూసి ఊరుకోలేక ఆ ఇద్దరూ సంస్థలోనే ఉద్యమం లేవదీశారు. ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. 1977లో పోలరాయిడ్ దక్షిణాఫ్రికా నుంచి తప్పుకుంది. వర్ణశాస్త్ర చరిత్ర రాసేవాళ్ళు లాడ్ ఫ్రాంక్లిన్ పక్కన హంటర్ పేరు రాయరు. నేనైతే రాస్తాను.

ఇక డిజిటల్ యుగపు షర్లీ. ఆమె పేరు లేనా.

1973 వేసవిలో లాస్ ఏంజెలెస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలెగ్జాండర్ సాచుక్ అనే అసిస్టెంట్ ప్రొఫెసరు, ఇంకో ఇద్దరు ఒక పరిశోధనా పత్రం కోసం మంచి బొమ్మ వెతుకుతున్నారు. వాడి వాడి అరిగిపోయిన బొమ్మలు వద్దు, నిగనిగలాడే కాగితం మీద మనిషి మొహం కావాలి. అంతలో ఎవరో "ప్లేబాయ్" పత్రిక చేతిలో పట్టుకుని వచ్చారు. ప్రయోగశాలలోకి ప్లేబాయ్ పట్టుకుని రావడం అంత మామూలు అన్నమాట! 1972 నవంబరు సంచిక మధ్యపేజీలో స్వీడన్ అమ్మాయి లేనా ఫోర్సెన్ నగ్నచిత్రం ఉంది. పైన మూడో వంతు చింపి స్కానరు డ్రమ్ముకి చుట్టారు. అంగుళానికి 100 గీతలు చదివే యంత్రం. వాళ్ళకి కావలసింది 512 గీతలు. అందుకని పైనుంచి 5.12 అంగుళాలు మాత్రం తీసుకున్నారు. ఈకల టోపీ, వెనక్కి తిరిగి చూసే మొహం, నగ్నమైన భుజం. కింది భాగం అవసరం లేదు గనక వదిలేశారు. ఆ చదరం తర్వాత 40 ఏళ్ళకి పైగా, బొమ్మల్ని కుదించడం, మసక తుడవడం, అంచులు పట్టడం వంటి పద్ధతుల్ని పరీక్షించే వేల పత్రాల్లో అచ్చయింది. 1996లో ఈ రంగంలోని ఒక ముఖ్య పత్రిక సంపాదకుడు డేవిడ్ మన్సన్ దీనికి రెండు కారణాలు రాశాడు. ఆ బొమ్మలో నున్నటి చోట్లు, సన్నటి వివరాలు, నీడలు అన్నీ ఉండటం ఒకటి. ఈ రంగంలో ఎక్కువమంది మగవాళ్ళు కావడం, ఆమె అందంగా ఉండటం రెండోది. రెండోది దాచుకోనందుకు ఆయన్ని అభినందించాలి.

లేనాని ఎవరూ అడగలేదు. తన బొమ్మ ఇలా తిరుగుతోందని ఆమెకి తెలిసిందే 1988లో. 1997లో ఒక ఇంజనీర్ల మహాసభకి ముఖ్య అతిథిగా పిలిస్తే వెళ్ళి, నవ్వుతూ సంతకాలు పెట్టింది. ఆమెని బాధితురాలిగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. ఆ ఫొటో తన వృత్తిలో భాగమని, దాన్ని చూసి గర్వపడుతున్నానని కూడా ఆమె అంది. 2019లో మాత్రం ఒక డాక్యుమెంటరీలో, మోడలింగు నుంచి ఎప్పుడో రిటైరయ్యాను, సాంకేతిక రంగం నుంచీ రిటైరయ్యే వేళయింది అన్న అర్థంలో చెప్పింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐఇఇఇ కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న పత్రాలు తీసుకోవడం మానేసింది. మనకేం సంబంధం అనుకోవడానికి లేదు. మా కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెప్పే సహోద్యోగిని తన పాత నోట్సు తీసి చూపించింది, అందులోనూ లేనాయే. "మాకు ఇది ఎవరని ఎవరూ చెప్పలేదు. టోపీ బావుందనుకునేవాళ్ళం. మొత్తం ఫొటో సంగతి మగపిల్లలకి తెలుసు. వాళ్ళు ఎందుకు నవ్వుకునేవాళ్ళో పదేళ్ళ తర్వాత అర్థమైంది" అంది. తరగతి గదిలో సగం మందికి అది పరీక్షా చిత్రం, మిగతా సగానికి తమకే తెలిసిన జోకు.

లేనా పోయినా ఆ అలవాటు పోలేదు. 2018లో జాయ్ బువోలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్ళు మొహం చూసి ఆడా మగా చెప్పే మూడు వాణిజ్య వ్యవస్థల్ని పరీక్షించారు. తెల్లటి మగవాళ్ళ విషయంలో తప్పులు అత్యధికంగా నూటికి 0.8. నల్లటి ఆడవాళ్ళ విషయంలో నూటికి 34.7 దాకా.

ఇంత దూరం వచ్చాక నేరమంతా అమెరికా మీద తోసేసి చేతులు కడుక్కోవచ్చు. కానీ మన భాషలో ఫొటోకి పేరు ఛాయాచిత్రం, ఒంటి రంగుకీ ఛాయే పేరు. "ఛాయ తక్కువ" అంటాం, నలుపు ఏదో కొరత అయినట్టు. తెల్లగా ఉన్నదాన్ని "ఎర్రగా ఉంది" అంటాం. కాస్త నల్లగా ఉంటే చామనఛాయ అని సర్దుతాం. పెళ్ళిచూపుల ఫొటో కోసం స్టూడియోకి వెళ్తే మొహానికి పౌడరు దట్టించి, ఆ తర్వాత నెగెటివు మీద పెన్సిలుతో దిద్దేవాళ్ళు. ఆ పని చేసిన ఏ ఫొటోగ్రాఫరూ షర్లీ కార్డు పేరు విని ఉండడు. వినక్కర్లేదు కూడా. 1975లో వచ్చిన తెల్లబరిచే క్రీము, 45 ఏళ్ళు అదే పేరుతో అమ్ముడుపోయి 2020లో పేరు మాత్రం మార్చుకుంది. దాని వ్యాపారమంతా మన ఇళ్ళల్లోదే. ఫోనులో మొహాన్ని నున్నగా, తెల్లగా చేసే సౌకర్యాన్ని మన మార్కెట్లో గొప్పగా చెప్పుకుని అమ్మారంటే, కొనేవాళ్ళు ఉన్నారనే కదా. పాత యంత్రానికి నలుపు కనపడలేదు. కొత్తది నలుపుని చూసి, గుర్తుపట్టి, దిద్దుతుంది. రెంటిలో ఏది నయమో నేను తేల్చుకోలేకపోయాను.

మొన్న ఆ మిత్రురాలి కథల సంపుటి అచ్చుకి వెళ్తుంటే అట్ట వెనక ఫొటో కావాలంది. మా కాలేజీ సహోద్యోగినిని వెంటపెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ ఫోనులో ఆ సౌందర్య సాధనాలన్నీ ఒక్కొక్కటే వెతికి ఆపేసింది. అవి మూడు వేర్వేరు చోట్ల ఉన్నాయి. మిత్రురాలిని కిటికీకి అడ్డంగా కూర్చోబెట్టి, తెరమీద ఆమె చెంప దగ్గర వేలు పెట్టి వెలుతురు పెంచింది. కిటికీ అవతలి వేపచెట్టు, ఆకాశం తెల్లగా మాడిపోయి ఏమీ లేకుండా పోయాయి. మొహం వచ్చింది. కుడి కనుబొమ్మ మీద చిన్నప్పుడు పడ్డ గాటుతో సహా.

ఫొటో ప్రెస్సుకి పంపింది. రెండో రోజు అక్కడినుంచి ఫోను. "ఫొటో కొంచెం డల్‌గా వచ్చింది మేడం, కాస్త లైట్ చేద్దామా?" అని అడిగారట. వద్దంది.